వంటింటి డక్ట్‌లో తెల్ల గుడ్లగూబలు, రాత్రంతా బుసలు... తీయించెయ్యాలా, ఉంచాలా?

ఫిల్టర్‌కాఫీ_పిల్ల:

హాయ్ అండి అందరికీ. బెంగళూరులో ఉండే మనవాళ్లకి ఎవరికైనా ఈ అనుభవం ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్. మేం ఉండేది మారతహళ్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో, ఏడో ఫ్లోర్. వంటింటి వెనక యుటిలిటీ, దానికి ఆనుకుని పైపులు దిగే డక్ట్ ఉంది. సంక్రాంతి ముందు నుంచి రాత్రయితే చాలు ఆ డక్ట్‌లోంచి ఒకటే చప్పుడు, కుక్కర్ విజిల్ వచ్చే ముందు ఆవిరి కొడుతుంది చూడండి అచ్చం అలాగే, ఆగి ఆగి, మళ్లీ మొదలై, తెల్లారేదాకా. పైప్ ఏమన్నా లీకేమో చూడమని ప్లంబర్‌ని పిలిస్తే అతను టార్చ్ వేసి లోపలికి తల పెట్టి, "మేడం, గూబె, గూబె" అని గబుక్కున వెనక్కొచ్చేశాడు.

నేనూ చూశాను. డక్ట్ మధ్యలో చిన్న శ్లాబ్ ముక్క ఉంది, దాని మీద నాలుగు. తెల్లగా దూది అంటించినట్టు ఒళ్లు, పొడుగు మొహం, నల్ల కళ్లు. ఒకటి దాదాపు కోడిపెట్టంత ఉంది, చివరిది మాత్రం నా గుప్పెట్లో పట్టేంత. లైట్ పడగానే నాలుగూ తలలు కిందకి వంచి అటూ ఇటూ ఊగుతూ బుస్స్‌మన్నాయి. నిజం చెప్పొద్దూ, ఒళ్లు జలదరించింది.

ఇప్పుడు ఇంట్లో మూడు పార్టీలు. మా అత్తయ్యగారు "కొంప మీద గూబ వాలిందంటే ఇల్లు వదిలి పోవాల్సిందే, కనీసం శాంతైనా చేయించాలి" అని రోజూ ఊరికి ఫోన్ చేసి పంతులుగారిని అడుగుతున్నారు. మా ఆయనకి నవ్వులాట. అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌లో సగం మంది లక్ష్మీదేవి వాహనం ఉంచండి అంటారు, సగం మంది పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలవండి అంటారు. ఫెసిలిటీ మేనేజర్ అయితే ఈ వారాంతం డక్ట్ పైనుంచి నెట్ కట్టించేస్తా అంటున్నాడు.

ఇవి మనుషుల మీద పడతాయా? ఎన్నాళ్లు ఉంటాయి? ఇంకోటి, మా బాబు రెండో క్లాస్, వాడికి ఇవేవీ పట్టవు, "అమ్మా దాని మెడ మొత్తం రౌండ్ తిరుగుతుందా" అని ఒకటే ప్రశ్న. దానికి కూడా సమాధానం కావాలి, లేకపోతే నన్ను నిద్రపోనివ్వడు.


బైనాక్యులర్_బాబాయ్:

అమ్మా, ముందు ఆ నెట్ ఆపించు, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. పైన నెట్ కట్టేస్తే తల్లీతండ్రీ బయట, పిల్లలు లోపల, ఆకలికి చచ్చిపోతాయి, అప్పుడు వచ్చే వాసన ముందు ఇప్పటిది ఏ మూలకీ రాదు.

నువ్వు చెప్పినదాన్ని బట్టి అవి బార్న్ ఔల్స్, కొట్టు గూబలు అనుకో. బెంగళూరులో అపార్ట్‌మెంట్ డక్టులూ, ఏసీ వెనక సందులూ, వాటర్ ట్యాంకు కింది గూళ్లూ ఇవన్నీ వాటికి ఇష్టమైన చోట్లు. గూడు కట్టడం, పుల్లలు తేవడం లాంటి పని పెట్టుకోవు, చీకటిగా వానపడని చోటు దొరికితే నేల మీదే గుడ్లు పెట్టేస్తాయి. ఇక ఆ బుస అంటావా, అది కోపం కాదు, ఆకలి. పిల్లలు "నాకూ నాకూ" అని అడిగే పిలుపే అది, రాత్రంతా అలా అడుగుతూనే ఉంటాయి. టార్చ్ వేసినప్పుడు తల వంచి ఊగుతూ చేసింది మాత్రం బెదిరింపు, దగ్గరికి రావద్దని. ఈ జాతి గూబ పెద్దదయ్యాక కూడా "హూ హూ" అనదు, కీచుమని ఒక్క అరుపు అరుస్తుంది, అర్ధరాత్రి తెల్లగా పైనుంచి ఎగురుతూ అలా అరిస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది, దయ్యం కథలు సగం అక్కడి నుంచే పుట్టుంటాయి.

నాలుగూ నాలుగు సైజులు ఎందుకున్నాయంటే, తల్లి గుడ్లన్నీ ఒకేసారి పెట్టదు, రెండు మూడు రోజులకి ఒకటి చొప్పున పెడుతుంది, కానీ మొదటి గుడ్డు పెట్టగానే పొదగడం మొదలుపెట్టేస్తుంది. ఒక్కో గుడ్డు పిల్లవడానికి నెల రోజులు. అందుకని పెద్దోడికి రెక్కల ఈకలు మొలిచే టైంకి చిన్నోడు ఇంకా కళ్లు నులుముకుంటూ ఉంటాడు. ఎలకలు బాగా దొరికిన ఏడాది అన్నీ బతుకుతాయి, దొరక్కపోతే చివరిది పోతుంది. అలాగని అన్నీ కొట్టుకుంటాయనుకోకు, ఈ జాతిలో పెద్ద పిల్ల తన వాటా ఎలకని చిన్నదానికి ఇవ్వడం పరిశోధకులు గమనించారు, పక్షుల్లో ఇది చాలా అరుదు.

పుట్టిన రెండు నెలలకి అటూఇటుగా ఎగురుతాయి. పెద్దది కోడిపెట్టంత ఉందంటే సగం రోజులు గడిచినట్టే. ఎగిరాక కూడా కొన్ని వారాలు పగలు పడుకోడానికి అక్కడికే వస్తాయి, తర్వాత ఎవరి దారి వాళ్లది.

మనుషుల మీద పడడం ఈ జాతికి పెద్దగా అలవాటు లేదు, కానీ చెయ్యి మాత్రం పెట్టకండి, వెల్లకిలా పడుకుని గోళ్లు రెండూ పైకి లేపి గీరేస్తాయి.

బాబు ప్రశ్నకి: మొత్తం రౌండ్ కాదు, ఒక వైపుకి 270 డిగ్రీల దాకా. ఎందుకంత అవసరం అంటే దాని కళ్లు మనలా గుండ్రటి గుడ్లు కావు, పొడుగ్గా గొట్టంలా ఉండి చుట్టూ ఎముక రింగుతో పుర్రెలో బిగించి ఉంటాయి, పక్కకి తిప్పలేదు. పక్కన ఏముందో చూడాలంటే తలే తిప్పాలి. మన మెడలో ఎముకలు 7, దాని మెడలో 14. అంత తిప్పినా నరం నలిగి రక్తం ఆగిపోకుండా ఉండటానికి, మెడ ఎముకల్లో రక్తనాళం వెళ్లే కన్నాలు నాళం కంటే చాలా వెడల్పుగా ఉంటాయి, పైన దవడ కింద రక్తం కాస్త నిలవ ఉండేలా నాళాలు ఉబ్బుతాయి. 2013లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు చనిపోయిన గూబల రక్తనాళాల్లోకి రంగు ఎక్కించి, తల తిప్పి చూసి మరీ చెప్పారు.


నైట్‌షిఫ్ట్_నాని:

అక్కా, 2017లో వైజాగ్ వీడియో గుర్తుందా? కడుతున్న బిల్డింగ్‌లో మూడు తెల్లటి బక్క జీవాలు నిలబడి చూస్తుంటాయి, గ్రహాంతరవాసులు దొరికారని ఊరంతా షేర్లు, ఫారిన్ వెబ్‌సైట్లలో కూడా వచ్చింది. చివరికి చూస్తే ఇవే, బార్న్ ఔల్ పిల్లలు. మీ ప్లంబర్ తప్పేం లేదు.

బై ద వే గూబలకి పగలు కళ్లు కనపడవు కదా, పగలు ఒక కర్రతో మెల్లగా తోసి గంపలో పెట్టి ఏ చెరువు దగ్గరో వదిలేస్తే సరిపోదా?


రాగిసంగటి:

యో నానీ, ఊరికే ఉండప్పా, గంపలో పెట్టి చెరువు కాడ వదిలితే కాకులు బతకనిస్తాయా వాటిని. కాకికీ గూబకీ పగ అని చిన్నప్పుడు కథల్లో చదువుకోలేదా నువ్వు. పగటి పూట గూబ బయట కనిపిస్తే చాలు, ఎక్కడెక్కడి కాకులూ చేరి పొడిచి పొడిచి తరుముతాయి. పెద్దదే తట్టుకోలేదు, ఇంక ఎగరడం రాని పిల్లల సంగతి చెప్పాలా.

మాది అనంతపురం పక్కన పల్లె, ఇప్పుడు ఉండేది హొరమావులో. మా అవ్వకి కూడా గూబంటే భయమే, రాత్రి చింతచెట్టు మీద గూబ కూస్తే పొద్దున్నే ఎవరింట్లో ముసలాళ్లకి బాలేదో విచారించుకొచ్చేది. ఊర్లో రోజూ ఎవరో ఒకరికి బాగుండదు కదా, కాబట్టి గూబ మాట ఎప్పుడూ నిజమే అయ్యేది మా అవ్వకి 😀. అదే మా తాత, వేరుశనక్కాయ చేన్లో ఎలకలు కాయలు బొక్కల్లోకి లాక్కుపోతాంటే, గూబ కూర్చునేదానికని చేను మధ్యలో కర్రలు పాతేవాడు, అడ్డంగా ఒక కర్ర కట్టి. ఇప్పుడు వ్యవసాయం ఆఫీసు వాళ్లు కూడా పక్షి స్థావరాలు పెట్టండి అని చెప్తాంటారు, పగలు కొంగలూ పసిరిక పిట్టలూ పురుగుల్ని ఏరతాయి, రాత్రి గూబలు ఎలకల మీద పడతాయి. ఒకే ఇంట్లో అవ్వ భయపడతాది, తాత ఆసనం వేస్తాడు, అంతే.

మేడం, మీ అత్తగారికి ఒక మాట చెప్పండి, మలేషియాలో పామాయిల్ తోటలోళ్లు డబ్బులు పెట్టి పెట్టెలు చేయించి మరీ ఈ గూబల్ని పిలిపించుకుంటారు, ఎలకలు కాయలు కొరక్కుండా. మీకు ఫ్రీగా వచ్చినాయి.


బైనాక్యులర్_బాబాయ్:

నానీ, పగలు కనపడదనేది ఉత్త మాట. బాగానే కనిపిస్తుంది, వెలుతురుకి కంటిపాప సన్నం చేసుకుంటుంది, రెప్పలు సగం దించి కూర్చుంటుంది కాబట్టి మనకి గుడ్డిదానిలా అనిపిస్తుంది. నిజానికి దానికి ఇబ్బంది దగ్గరి వస్తువులతో, ముక్కు ముందు ఉన్నది సరిగ్గా ఆనదు, అందుకే ముక్కు చుట్టూ ఉండే సన్నటి వెంట్రుకల్లాంటి ఈకలతో తడిమి చూసుకుంటుంది.

కానీ ఈ తెల్ల గూబ గొప్పతనం కంట్లో కన్నా చెవిలో ఉంది. దాని మొహం అలా పళ్లెంలా ఉండేది అందం కోసం కాదు, చప్పుడుని పట్టి చెవుల్లోకి తోయడానికి. చెవి కన్నాలు రెండూ ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి కాస్త పైకి, ఒకటి కిందికి. ఎడమ కుడి ఎటో తెలియడానికి చప్పుడు ఏ చెవికి ముందు చేరిందో లెక్క, పైన కింద తెలియడానికి ఏ చెవిలో గట్టిగా వినిపించిందో లెక్క, రెండూ కలిపితే ఎలక ఎక్కడుందో చీకట్లో చుక్క పెట్టినట్టు తెలుస్తుంది. రోజర్ పేన్ అని ఒకాయన పూర్తి చీకటి గదిలో ఎండుటాకులు పరిచి ఎలకని వదిలి, గూబ చప్పుడు విని మాత్రమే పట్టుకుంటుందని నిరూపించాడు. తర్వాత తిమింగలాల పాటలని ప్రపంచానికి వినిపించింది కూడా ఆయనే, చెవులతో మొదలుపెట్టిన మనిషి చెవులతోనే పేరు తెచ్చుకున్నాడు. 1978లో నూడ్సన్, కొనిషి అని ఇద్దరు, గూబ మెదడులో చప్పుడు వచ్చే దిక్కులకి ఒక మ్యాప్ లాంటిది ఉందని, ఒక్కో నరకణం ఒక్కో దిక్కుకే స్పందిస్తుందని చూపించారు. నాకు తెలిసి పక్షుల మీద జరిగిన పరిశోధనల్లో ఇంత అందమైనవి తక్కువ.

ఇంకోటి, ఎగిరేటప్పుడు దాని రెక్క చప్పుడు ఎలకకీ వినపడదు, దాని చెవికీ అడ్డు రాదు. రెక్క ముందు అంచున దువ్వెన పళ్లలాంటి గీతలు, పైన మఖమల్ లాంటి నూగు, వెనక అంచు కుచ్చులు కుచ్చులుగా, గాలి చీలి చప్పుడు చెయ్యకుండా. పావురం లేచినప్పుడు టపటపా ఎంత గోల, ఇది నీ నెత్తి మీద నుంచి పోయినా తెలీదు.


ఫిల్టర్‌కాఫీ_పిల్ల:

థాంక్యూ సో మచ్ అందరికీ. మెడ సంగతి చదివి వినిపించాను, ఇప్పుడు వాడు 14 ఎముకలు అని స్కూల్ వ్యాన్‌లో అందరికీ చెప్తున్నాడు. అత్తయ్యగారికి పామాయిల్ తోట కథ చెప్తే "మలేషియా వాళ్లకి మన పట్టింపులు ఉండవులే" అన్నారు, కానీ శాంతి మాట కాస్త తగ్గింది.

రెండు డౌట్లు. యుటిలిటీ కిటికీ అంచు మీద నల్లగా, మెరుస్తూ, బొటనవేలంత ఉండలు పడుతున్నాయి. రెట్ట అనుకున్నా కానీ రెట్ట తెల్లగా సున్నం చిందినట్టు వేరేగా ఉంది. ఒక ఉండని పుల్లతో విడదీస్తే లోపల బూడిద రంగు బొచ్చు, బియ్యపుగింజల కన్నా సన్నని ఎముకలు, ఒక చిన్న పుర్రె, దానికి నారింజ రంగు ముందు పళ్లు! ఇదేంటి, రోగమా?

రెండోది, కింద బేస్‌మెంట్‌లో ఎలకలున్నాయని పెస్ట్ కంట్రోల్ వాళ్లు నెలనెలా మందు పెడతారు, దానికీ వీటికీ ఏమన్నా సంబంధం ఉందా?


టవర్‌బి_సెక్రటరీ:

రెండో దానికి నేను చెప్తాను, బాధ పడినోణ్ణి కాబట్టి. మాది వైట్‌ఫీల్డ్ దగ్గర, మా అపార్ట్‌మెంట్‌లో కూడా పోయినేడు ఒక జంట లిఫ్ట్ మెషిన్ రూమ్ పక్కన గూడు పెట్టింది. మా పెస్ట్ కంట్రోల్ వాళ్లు పెట్టేది బ్రోమాడియోలోన్ కేక్. అది తిన్న ఎలక వెంటనే చావదు, లోపల రక్తం గడ్డకట్టక కొన్ని రోజులు మత్తుగా నెమ్మదిగా తిరుగుతుంది, అలాంటిదే గూబకి సులువుగా దొరుకుతుంది. దాని ఒంట్లో మందు గూబ ఒంట్లోకి, అక్కడి నుంచి పిల్లల నోట్లోకి. మా దగ్గర తల్లి పార్కింగ్‌లో పడిపోయి ఉంటే సెక్యూరిటీ చూశాడు, ముక్కులోంచి రక్తం. అప్పటిదాకా ఎలకలు ఎందుకు తగ్గాయా అని ఎవరూ ఆలోచించలేదు, మందు పనిచేస్తోందని కంట్రాక్ట్ పొడిగించారు మా కమిటీ మహానుభావులు.

కాబట్టి మీ మేనేజర్‌తో గట్టిగా మాట్లాడండి, పిల్లలు ఎగిరేదాకా కేకులు తీసేసి బోనులు పెట్టమనండి. గ్లూ ప్యాడ్లు కూడా వద్దు, ఆరుబయట పెడితే వాటికి పిట్టలూ తొండలూ అంటుకుంటాయి. చెత్తగది తలుపు సరిగ్గా మూయించడం, డ్రైనేజీ జాలీలు వేయించడం, వీటితో సగం పని అవుతుంది. మీ వెనక రాజకాలువ (వాననీళ్లు పోయే పెద్ద కాలువ) గానీ ఖాళీ సైట్లు గానీ ఉన్నాయంటే ఎలకలు అక్కడి నుంచే వస్తాయి, మీ గూబలు వేటకి వెళ్లేదీ అక్కడికే.

నెట్ కట్టించడంలో తప్పు లేదు, ఎప్పుడు కట్టిస్తున్నామన్నదే అసలు సంగతి. అన్నీ వెళ్లిపోయాయని వరసగా కొన్ని రాత్రులు చూసుకుని, శ్లాబ్ కడిగించి, అప్పుడు కట్టించండి. కడిగేవాళ్లకి మాస్కు, గ్లవ్స్ ఇప్పించండి, ముందు నీళ్లు కొట్టి తడిపాకే ఊడ్వమనండి, దుమ్ము లేస్తే పీల్చకూడదు.


బైనాక్యులర్_బాబాయ్:

సెక్రటరీ గారు చెప్పింది అక్షరాలా పాటించు తల్లీ.

ఆ ఉండలు రోగం కాదు, కక్కిన ముద్దలు. గూబ ఎలకని నమలదు, చిన్నదైతే తలతో సహా మింగేస్తుంది. కండ అరుగుతుంది, బొచ్చూ ఎముకలూ అరగవు, డేగల పొట్టలో ఉన్నంత ఘాటు యాసిడ్ గూబ పొట్టలో ఉండదు, అందుకే ఎముకలు అంత శుభ్రంగా మిగులుతాయి. వాటిని ఉండగా చుట్టి నోట్లోంచే బయటకి తోసేస్తుంది. తాజాగా పడింది నల్లగా వార్నిష్ కొట్టినట్టు మెరుస్తుంది, ఎండేకొద్దీ బూడిదరంగుకి తిరుగుతుంది. నారింజ పళ్లు అంటే ఎలకే, ఎలకజాతి ముందు పళ్లకి ఆ రంగు ఉంటుంది. పొడుగు మూతి పుర్రె, సన్నటి సూది పళ్ల వరుస కనిపిస్తే అది చుంచు, పిల్లి చంపి కూడా వాసనకి తినకుండా వదిలేస్తుందే, ఆ చుంచుని ఇవి బాగానే లాగిస్తాయి. వాసన వస్తుందంటే మీకు, వాటికి కాదు.

బాబుకి చూపించాలంటే గ్లవ్స్ వేసి, ఉండని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పాత పేపర్ మీద పుల్లతో విడదీయించు. ఒక్కోదాంట్లో రెండు మూడు పుర్రెలు కూడా ఉంటాయి. తర్వాత చేతులు సబ్బుతో కడిగించు. విదేశాల్లో స్కూళ్లలో సైన్స్ క్లాసులో ఇదే చేయిస్తారు, వాళ్లు వీటిని కొనుక్కుంటారు కూడా.


నెల్లూరు_టు_అడయార్:

ఇక్కడ చెన్నైలో మా వీధిలో వేరే రకం ఉందండి, చిన్నది, గుప్పెడంత, ఒంటి నిండా తెల్ల చుక్కలు, పసుపు కళ్లు. మా ఊళ్లో పైడికంటె అంటారు. రెయిన్ ట్రీ తొర్రలో జంట ఉంటుంది. తెల్ల గూబలా అర్ధరాత్రి దాకా ఆగదు, సాయంత్రం ఆరున్నరకే డ్యూటీ ఎక్కేసి ట్రాన్స్‌ఫార్మర్ పక్క తీగ మీద కూర్చుంటుంది, వీధిలైట్ కింద పురుగులు చేరగానే దిగి పట్టుకుని మళ్లీ అదే చోటికి. పగలు కూడా తొర్ర మూతి దగ్గర కూర్చుని ఎండ కాగుతుంది. మీరు ఆగి చూస్తే తలకాయ పైకీ కిందకీ, పక్కలకీ అంటూ డాన్స్ చేస్తుంది, మనల్ని ఎక్కిరిస్తోందేమో అనిపిస్తుంది గానీ అది మనం ఎంత దూరంలో ఉన్నామో కొలుచుకోవడం, కన్ను తిప్పలేదు కదా, తల జరిపి రెండు మూడు కోణాల్లోంచి చూసుకుంటుంది. ఒకసారి కాకులు తరిమితే మా బాల్కనీ బట్టల తీగ మీద వాలి, నన్నే ఎర్రగా చూస్తూ చాలాసేపు కూర్చుంది, ఆ చూపుకి మా మేనేజర్ గుర్తొచ్చాడు.

మున్సిపాలిటీ వాళ్లు చెట్టు కొమ్మలు నరికేటప్పుడు తొర్ర ఉన్న కొమ్మని వదలమని ఒక మాట చెప్పి చూడండి మీ చుట్టుపక్కల ఉంటే, తొర్ర పోతే అవి పోయినట్టే.


నైట్‌షిఫ్ట్_నాని:

సరే బాబాయ్, గంప ఐడియా క్యాన్సిల్. ఇంకోటి, మా కొలీగ్ ఒకడు "నాకు తెలిసినవాడు ఉన్నాడు, గూబ పిల్లల్ని ఫ్రీగా వచ్చి పట్టుకుపోతాడు, మంచి చోట వదులుతాడు" అంటున్నాడు. పిలవమంటారా?


టవర్‌బి_సెక్రటరీ:

ఫ్రీగా వచ్చేవాడంటేనే అనుమానించండి. క్షుద్రపూజలకని, దీపావళి ముందు మరీ ఎక్కువ, గూబల్ని పట్టి అమ్మే వ్యాపారం ఉంది. 2010లో వన్యప్రాణుల వ్యాపారం మీద కన్నేసి ఉంచే ట్రాఫిక్ అనే సంస్థ రిపోర్ట్ వేసింది, మన దేశంలో ఉన్న సుమారు 30 రకాల గూబల్లో 15 రకాలు బజారుకి ఎక్కుతున్నాయని. 1972 వన్యప్రాణి చట్టం కింద గూబని పట్టడం, పెంచడం, అమ్మడం అన్నీ నేరమే. పిల్ల కింద పడిపోయిందనో దెబ్బ తగిలిందనో అయితే అటవీశాఖకి గానీ, కెంగేరి దగ్గర పీపుల్ ఫర్ యానిమల్స్ వాళ్ల వన్యప్రాణి ఆసుపత్రికి గానీ ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేదాకా కన్నాలున్న అట్టపెట్టెలో అడుగున గుడ్డ వేసి, చీకట్లో, గొడవ లేని చోట ఉంచండి. పాలు పొయ్యకండి, నీళ్లు నోట్లో పొయ్యకండి, ఫోటోల కోసం పెట్టె మాటిమాటికీ తెరవకండి.


ఫిల్టర్‌కాఫీ_పిల్ల:

అప్‌డేట్ అండి. ఈ థ్రెడ్ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి గ్రూప్‌లో పెట్టాను. నెట్ ఉగాది తర్వాతే అని మేనేజర్ ఒప్పుకున్నాడు, బేస్‌మెంట్‌లో కేకుల బదులు బోనులు. బి బ్లాక్ అంకుల్ ఒకాయన మాత్రం "నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నది గూబల కోసమా" అని ఇంకా అరుస్తున్నారు. డక్ట్ వైపు మా యుటిలిటీ లైట్ ఆపేశాం, కిటికీకి నల్ల షీట్ వేశాం, చప్పుడు కాస్త తగ్గింది, లేదా మాకే అలవాటైపోయింది. చిన్నోడు బానే ఉన్నాడు, నిన్న వాడు ఎలకని తోకతో సహా మింగడానికి పడ్డ పాట్లు చూసి మా అత్తయ్యగారు "పాపం, ఆ తోక కొరికి పెట్టొచ్చు కదా వాళ్లమ్మ" అన్నారు. ఇంక శాంతి ఉండదనే అనుకుంటున్నా.

ఒక్క ప్రశ్న మిగిలింది. ఇవి ఉండగా పావురాల బెడద తగ్గుతుందా? మా ఏసీ అవుట్‌డోర్ మొత్తం వాటి పాలే.


బైనాక్యులర్_బాబాయ్:

ఆ ఆశ పెట్టుకోకు. ఎప్పుడో ఒక పావురం పిల్లని ఎత్తుకుపోవచ్చు గానీ వాటి ధ్యాసంతా ఎలకల మీదే. ఏసీకి మాత్రం నెట్ ఇప్పుడే కట్టించుకో, ముందు గుడ్లేమన్నా ఉన్నాయేమో చూసి.


రాగిసంగటి:

మేడం, మా బాల్కనీ పావురాలు ఓ యాభై ఉంటాయి, మీ గూబల్లో ఒకటి ఇస్తే మొత్తం ఇచ్చేస్తా, రవాణా ఖర్చులు నావే.